పొగడ్తతో ఊరు బాగుపడదు

నాందేడ్ గురించి నాందేడ్ వాళ్ళు మాట్లాడే తీరు ఒకటి కొన్నేళ్ళుగా స్థిరపడిపోయింది. గురు గోవింద్ సింగ్ చివరి రోజులు గడిపిన పుణ్యభూమి. గోదావరి ఒడ్డున వెలసిన ఊరు. రాష్ట్రానికి ఇద్దరు ముఖ్యమంత్రుల్ని ఇచ్చిన గడ్డ. నీట్ ర్యాంకులకు పెట్టింది పేరు. విమానాశ్రయం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, రైల్వే డివిజన్ ఉంది, ఇంకేం కావాలి? ఇదంతా విన్నాక ఎవరైనా ‘మరి ఊరి మురుగు ఎటు పోతోంది’ అని అడిగితే ముఖాలు మారిపోతాయి. ‘నీకు ఊరి మీద ప్రేమ లేదు’ అంటారు. అడిగినవాడు తెలుగువాడైతే ఇంకో మాట కూడా పడాలి: ‘మీ మనసంతా హైదరాబాద్ మీదనే.’

ఆ మాట పడటానికి మేం ఎక్కణ్ణించో వచ్చినవాళ్ళం కాదు. 1956 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్, కిన్వట్ వైపు తరతరాలుగా తెలుగు ఇళ్ళున్నాయి. పద్మశాలీల మగ్గాలు, ధర్మాబాద్ మిర్చి బజారు, ‘వార్’ అని ముగిసే ఇంటిపేర్లు మా ఆనవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ పెరిగాం. ఈ ఊరు మాది కాదనే హక్కు ఎవరికీ లేదు. మాది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఊరి లోపాల్ని దాచిపెట్టి గొప్పలు మాత్రమే చాటేవాళ్ళు ఊరికి మేలు చేస్తున్నారన్నది ఇవాళ అందరూ ఒప్పుకునే అభిప్రాయం. మంచి పేరు వస్తే పెట్టుబడులు వస్తాయి, యాత్రికులు వస్తారు, సంబంధాలు కుదురుతాయి, చెడు చెప్పుకుంటే ఉన్నది కూడా పోతుంది అని దీని వెనకున్న లెక్క. ఈ లెక్క తప్పు. ఊరిని నడపాల్సినవాళ్ళు జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి ఈ పొగడ్త దారి చూపిస్తోంది. దాని ఖర్చంతా ఊరు విడిచిపోయే స్తోమత లేనివాళ్ళ నెత్తిన పడుతోంది.

ఆసుపత్రితో మొదలుపెడతాను. 2023 సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల మధ్య విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు. వాళ్ళలో 12 మంది పసికందులు. 48 గంటలయ్యేసరికి మృతులు 31, అందులో పసిపిల్లలు 16. దేశమంతా నాందేడ్ పేరు మారుమోగింది. బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. హింగోలి ఎంపీ ఒకాయన వచ్చి ఆసుపత్రి డీన్ చేత మరుగుదొడ్డి కడిగించారు. మందులు ఎందుకు చాలడం లేదు, నర్సులు ఎందుకు తక్కువున్నారు అన్న ప్రశ్న రెండు రోజుల్లో పక్కకు పోయి, ఆ మరుగుదొడ్డి దృశ్యమే మిగిలింది.

ఆ వారం మన ఊళ్ళో వినబడ్డ మాటలు నాకు బాగా గుర్తున్నాయి. ‘ఇలాంటివి అన్ని పెద్దాసుపత్రుల్లోనూ జరుగుతాయి, పేపర్లవాళ్ళు మన ఊరినే పట్టుకున్నారు.’ ‘పక్క జిల్లాలవాళ్ళు చివరి ఘడియలో తెచ్చి పడేస్తే డాక్టర్లు ఏం చేస్తారు?’ ‘ఇదంతా రాజకీయం.’ వీటిలో రెండోదాంట్లో నిజం ఉంది. చుట్టూ 70, 80 కిలోమీటర్ల మేర ఆ స్థాయి ప్రభుత్వాసుపత్రి మరొకటి లేదని ఆసుపత్రివాళ్ళే చెప్పారు. హింగోలి, పర్భణీ నుంచే కాదు, సరిహద్దు దాటి తెలంగాణ ఊళ్ళ నుంచి కూడా రోగులు అక్కడికే వస్తారు. 500 పడకల ఆసుపత్రిలో అంతకు రెట్టింపు మంది ఉన్నారని అప్పుడే బయటికొచ్చింది. మరి ఈ నిజం ఊరిని వెనకేసుకు రావడానికి ఎలా పనికొస్తుంది? ఇన్ని జిల్లాల జనానికి దిక్కైన ఆసుపత్రిని ఇన్నేళ్ళు ఇలా వదిలేసిందెవరని అడగాల్సిన చోట, ఆ మాటనే అడ్డం పెట్టుకుని ‘తప్పు మనది కాదు’ అనేశారు. చనిపోయిన పిల్లల తల్లులు కూడా మన వాళ్ళేనన్న సంగతి ఊరి పరువు గురించి బాధపడేవాళ్ళకు తట్టలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా కాకా ఒకాయన ఉన్నాడు. నాందేడ్‌ను ఎవరైనా పల్లెత్తు మాట అంటే ఊరుకోడు. ‘మన నాందేడ్‌ల ఏం తక్కువున్నది రా? గురుద్వారా ఉన్నది, గోదారి ఉన్నది, పిల్లలకు మంచి చదువులున్నయి. హైదరాబాద్‌ల ఏమున్నది, ట్రాఫిక్ తప్ప?’ అంటాడు. ఆయనకు ఒక రాత్రి గుండెలో నొప్పి వచ్చింది. కొడుకులు వెంటనే అంబులెన్స్ మాట్లాడి, దేగ్లూర్ మీదుగా తెల్లారేసరికి హైదరాబాద్ చేర్చారు. అక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంట్ వేశారు, బతికి బయటపడ్డాడు. వాళ్ళు చేసింది సరైన పనే, ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు. పది రోజుల తర్వాత పలకరించడానికి వెళ్తే కాకా మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళతో మళ్ళీ అదే అంటున్నాడు: ‘మన ఊరంత మంచి ఊరు లేదు.’ పక్కింట్లో బట్టలు కుట్టుకుని బతికే ఒక ముసలమ్మ కూడా వినడానికి వచ్చి కూర్చుంది. ఆమెకు నొప్పి వస్తే అంబులెన్స్‌కు, స్టెంట్‌కు డబ్బెవరిస్తారు? ఆమెకున్న ఆసుపత్రి విష్ణుపురిదే. అది బాగుండాలని గట్టిగా అడగాల్సింది కాకా లాంటి పలుకుబడి ఉన్న మనిషి. ఆయనేమో దానితో అవసరం లేకుండా బతుకుతూ, ఊరికి ఏ లోటూ లేదని సర్టిఫికెట్ ఇస్తున్నాడు.

ఊరిని ఎక్కువగా పొగిడేవాళ్ళందరికీ ఊరు దాటే దారి ఒకటి ఉంటుంది. పిల్లల ఉద్యోగాలు పుణేలో, వైద్యం హైదరాబాద్‌లో, సొంత ఫ్లాటు ఆ రెంటిలో ఒకచోట. సాయంత్రం పూట నాందేడ్ నుంచి పుణేకు బయల్దేరే స్లీపర్ బస్సులు, హైదరాబాద్ వైపు పోయే రైళ్ళు చూస్తే ఊరి యువత ఎటు పోతోందో తెలుస్తుంది. పోవడం తప్పు కాదు, పొట్ట కోసం ఎవరైనా పోతారు. పుణేలో కూర్చుని, నాందేడ్‌లో ఉన్నవాళ్ళు కుళాయి గురించి ఫిర్యాదు చేస్తే ‘ఊరి పేరు చెడగొడుతున్నారు’ అని కసరడం తప్పు. ఎండాకాలంలో నీళ్ళు ఏ రోజు వదులుతారో కాచుకుని డ్రమ్ములు నింపుకునేది వాళ్ళు కాదు కదా.

ఇప్పుడు గోదావరి సంగతి. నాందేడ్ వాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునేది నది గురించే. వేసవిలో గోవర్ధన్ ఘాట్ వైపు వెళ్ళి మెట్ల మీద నిలబడండి. పై నుంచి విష్ణుపురి ప్రాజెక్టు నీటిని ఆపేశాక కింద మిగిలేది కదలని మడుగు. దాని మీద పచ్చగా గుర్రపుడెక్క పరుచుకుని ఉంటుంది. దూరం నుంచి ఫొటో తీస్తే అందంగా కూడా కనిపిస్తుంది. దగ్గరికి పోతే ఆకుల సందుల్లో నీరు బూడిద రంగులో ఉంటుంది. ఊళ్ళో నుంచి వచ్చే నాలా నదిలో కలిసే చోట నల్లటి పాయ ఒకటి నురుగుతో కొంతదూరం విడిగా సాగి, తర్వాత నీళ్ళలో కలిసిపోతుంది. కొబ్బరి చిప్పలు, బంతిపూల దండలు, పాలిథిన్ సంచులు ఒడ్డున పేరుకుని ఉంటాయి. ఆ పక్కనే ఆడవాళ్ళు దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకుంటారు. వాళ్ళ భక్తి నిజమైనది. ఆ భక్తికి ఇలాంటి నీళ్ళు ఇచ్చినందుకు ఊరు సిగ్గుపడాలి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలోని కలుషిత నదీ భాగాల జాబితా వేసినప్పుడు, మహారాష్ట్రలో గోదావరిని నాసిక్ దగ్గరి సోమేశ్వర్ నుంచి రాహేర్ దాకా అందులో చేర్చింది. రాహేర్ ఎక్కడో లేదు, నాందేడ్ జిల్లాలో, ఊరికి దిగువన ఉంది. అంటే మన మురుగు కలిసిన తర్వాతి నది కూడా ఆ జాబితాలోనే ఉంది. నాసిక్ నుంచే చెడి వస్తోందని తప్పించుకునేవాళ్ళున్నారు. పైవాళ్ళు చెరిచినదానికి మనమూ ఒక చేయి వేసి కిందికి పంపుతామా?

ఆ కింద ఎవరున్నారో తెలుగు పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. నాందేడ్ దాటిన గోదావరి ధర్మాబాద్ తాలూకా బాభ్లీ మీదుగా కందకుర్తి చేరి, అక్కడ మంజీరను కలుపుకుని బాసరకు పోతుంది. తెలుగు నేల నలుమూలల నుంచి పిల్లల్ని ఎత్తుకొచ్చి అక్షరాభ్యాసం చేయించే బాసర. తర్వాత శ్రీరాంసాగర్. ఆ జలాశయం నీళ్ళు ఉత్తర తెలంగాణ పొలాలకూ, కుళాయిలకూ పోతాయి. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షలమంది బాసరలో, కందకుర్తిలో మునుగుతారు. వాళ్ళు మునిగే నీళ్ళలో నాందేడ్ వాటా ఎంత, అది ఎలాంటి వాటా అని నాందేడ్‌లో ఎవరూ అడగరు. అడిగితే పుణ్యక్షేత్రానికి కళంకం అంటారు.

ఇదే గోదావరి మీద బాభ్లీ బ్యారేజీ గొడవ నడిచినప్పుడు మాత్రం ఇరువైపులా ఊపిరాడనంత అభిమానం పొంగింది. 2010 జూలైలో చంద్రబాబు నాయుడు తన పార్టీవాళ్ళతో సరిహద్దు దాటి వస్తే మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేసి ధర్మాబాద్‌లో ఉంచారు. నాందేడ్ వైపు ‘మా నీళ్ళు మావి’ అన్నారు, నిజామాబాద్ వైపు ‘మా నీళ్ళు దోచుకుంటున్నారు’ అన్నారు. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పు ఇచ్చింది. బాభ్లీ దగ్గర 2.74 టీఎంసీలు, జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. ఈ అంకెలు సరిహద్దు రైతులకు కంఠతా వచ్చు. ఎన్ని టీఎంసీలని కొట్లాడినవాళ్ళు ఎలాంటి నీళ్ళని కూడా అడిగి ఉంటే, రెండు రాష్ట్రాల జనం ఒకే వైపు నిలబడేవాళ్ళు. అప్పుడు వాళ్ళ వేలు నాందేడ్ మునిసిపల్ కార్పొరేషన్ వైపు చూపేది. ఊరి గొప్పలు చెప్పేవాళ్ళకు బయటి శత్రువు దొరికితే ఎంత సుఖమో, ఇంట్లోని అధికారిని నిలదీయడం అంత కష్టం.

నీటి సంగతి దాచిన నగరానికి ఏమవుతుందో చరిత్రలో ఉంది. జర్మనీలో హాంబర్గ్ పెద్ద రేవు పట్టణం, వర్తకుల ఊరు. 1892 ఆగస్టులో అక్కడ కలరా పుట్టినప్పుడు, ఓడల రాకపోకలు ఆగిపోతాయని, వ్యాపారం దెబ్బతింటుందని పాలకులు కొన్ని రోజులు నోరు విప్పలేదు. జనం ఎల్బ్ నది నీళ్ళను వడకట్టకుండానే తాగుతూ పోయారు. కొద్ది వారాల్లో దాదాపు 8,600 మంది చనిపోయారు. పక్కనే ఆనుకుని ఉన్న ఆల్టోనా అదే నది నీళ్ళను, ఇంకా దిగువ నుంచి తీసుకుని కూడా ఇసుకలో వడకట్టి వాడింది, చాలావరకు బయటపడింది. పేరు కాపాడుకోవడానికి మౌనం పాటించిన ఊరి పేరు ఈనాటికీ ఆ కలరాతోనే పుస్తకాల్లో ఉంది.

మన దేశంలో సూరత్ ఉంది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు అన్న వార్త రాగానే లక్షలమంది ఊరు విడిచి పారిపోయారు. ప్రపంచమంతా వేలెత్తి చూపింది. మన ఊళ్ళో పొగడ్తరాయుళ్ళ లెక్క ప్రకారం సూరత్ అక్కడితో మట్టికొట్టుకుపోవాలి. అలా జరగలేదు. మరుసటి ఏడు ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. మురుగు, చెత్త, అక్రమ కట్టడాలు, హోటళ్ళ వంటశాలలు దేన్నీ వదలకుండా తిరిగారు, అధికారుల్ని ఆఫీసుల నుంచి వీధుల్లోకి పంపారు. రెండేళ్ళలో ఊరి రూపు మారిపోయింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి స్థానం సూరత్‌దే. వేలెత్తి చూపినందువల్ల ఆ ఊరు నాశనం కాలేదు, దాచడానికి ఇక ఏమీ మిగలనందువల్ల పని మొదలైంది. అవమానం ఒక్కటే ఊరిని బాగుచేయదు, నిజమే. అలాంటి కమిషనర్, ఆయనకు అండగా నిలిచిన జనం కావాలి. కానీ మురుగే లేదని చెప్పే ఊరికి మురుగు తీసే కమిషనర్ ఎందుకు వస్తాడు?

ఇదేదో మరాఠ్వాడా జబ్బు అని తెలంగాణ చుట్టాలు సంతోషించాల్సిన పని లేదు. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చాక సరిహద్దుకు అటూ ఇటూ పొలాలున్నవాళ్ళకు తేడా కళ్ళముందే కనబడింది. 2019లో నాయ్‌గావ్, భోకర్, దేగ్లూర్, కిన్వట్ వైపు నాయకులు హైదరాబాద్ వెళ్ళి మమ్మల్ని తెలంగాణలో కలపండని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ను అడిగారు. 2022లో సరిహద్దు గ్రామాలు ఆ కోరికను మళ్ళీ ఎత్తుకున్నాయి. వాళ్ళు ద్రోహులని తిట్టినవాళ్ళున్నారు. పక్క ఊరి రైతుకు ఎకరానికి డబ్బు పడుతుంటే తనకెందుకు పడదని అడగడం ద్రోహం ఎలా అవుతుంది? ఊరి మీద ఆశ ఉన్నవాడే పోల్చి చూస్తాడు, ఆశ లేనివాడు బస్సెక్కి పోతాడు.

కానీ ఆ కోరిక వెనకే మరో పొగడ్త వచ్చింది. 2023 ఫిబ్రవరి 5న నాందేడ్‌లో బీఆర్ఎస్ పెద్ద సభ పెట్టింది, మార్చిలో కంధార్-లోహాలో ఇంకొకటి. తెలంగాణలో అన్నీ బాగున్నాయి, మీకూ అలాగే చేస్తామని చెప్పారు. నీళ్ళ ప్రాజెక్టులే అందులో ప్రధానం. అదే ఏడాది అక్టోబరు 21న కాళేశ్వరంలో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిపోయాయి. నెల తిరక్కుండానే, ఒకే గోదావరి మీద, విష్ణుపురి ఆసుపత్రి దగ్గర ఒక పొగడ్త, మేడిగడ్డ దగ్గర ఒక పొగడ్త కూలిపోయాయి. ‘విశ్వనగరం’ అని చెప్పుకునే హైదరాబాద్ 2020 అక్టోబరు వానలకు మునిగినప్పుడు కాలనీల్లో పడవలు తిరిగాయి. చెరువుల్ని పూడ్చి కట్టిన ఇళ్ళ గురించి అంతకుముందు మాట్లాడినవాళ్ళను అభివృద్ధి వ్యతిరేకులన్నారు. రెండు ఊళ్ళ పొగడ్తలకూ బంధుత్వం ఉంది, రెండు ఊళ్ళవాళ్ళూ ఒకరి లోపాలు ఒకరికి చూపించుకుని తమ లోపాలు మరిచిపోతారు.

నాందేడ్ గొప్పల జాబితాలో మిగిలినవీ చూద్దాం. 2008లో సిక్కుల గురు-తా-గద్దీ మూడు వందల ఏళ్ళ ఉత్సవాలు జరిగాయి. అంతకుముందు 2005లో మొదలైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకంలో పెద్ద నగరాల సరసన నాందేడ్‌కు చోటు దొరికింది. రోడ్లు వెడల్పయ్యాయి, విమానాశ్రయం సిద్ధమైంది. సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్ సిక్కుల ఐదు తఖ్తుల్లో ఒకటి. మహారాజా రంజిత్ సింగ్ కట్టించిన ఆ మందిరం, అక్కడ ఎవరు వెళ్ళినా కులం మతం అడగకుండా వడ్డించే లంగర్ నాందేడ్‌కు నిజమైన గర్వకారణం. నేను చిన్నప్పటి నుంచీ ఆ పంక్తిలో కూర్చుని తిన్నవాణ్ణే. కానీ ఆ గొప్పతనం సేవ చేసే ఆ చేతులది. దాన్ని తెచ్చి కార్పొరేషన్ ఖాతాలో ఎలా వేస్తారు? గురుద్వారా ఆవరణ తళతళలాడుతుంటే అది తుడిచేవాళ్ళ పుణ్యం. నాలుగు వీధులు దాటాక కనిపించే చెత్తకుప్ప ఎవరి చేతగానితనమో, ఆ లెక్క వేరే రాయాలి.

విమానాశ్రయం సంగతీ అంతే. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం తొలి విమానాల్లో నాందేడ్-హైదరాబాద్ సర్వీసు కూడా ఉంది. ఊరంతా సంబరం. కొన్నేళ్ళకు ఆ కంపెనీ విమానాలు ఆగిపోయాయి. ఆ వార్త గురించి సంబరాలు చేసినవాళ్ళెవరూ మాట్లాడలేదు. 2024లో మళ్ళీ వేరే కంపెనీ విమానాలు మొదలయ్యాయి, మళ్ళీ సంబరం. రావడం వార్త, పోవడం మౌనం అయితే ఆ సౌకర్యం నిలబడటానికి ఏం కావాలో ఎప్పుడు మాట్లాడుకుంటాం?

ఇద్దరు ముఖ్యమంత్రుల సంగతి మరీ పెద్ద గర్వం. శంకర్‌రావ్ చవాన్ రెండుసార్లు ముఖ్యమంత్రి, పి.వి. నరసింహారావు మంత్రివర్గంలో కేంద్ర హోంమంత్రి. ఆయన కొడుకు అశోక్ చవాన్ 2008 నుంచి 2010 దాకా ముఖ్యమంత్రి. విష్ణుపురి ఎత్తిపోతల పథకం లాంటి పనుల వెనక శంకర్‌రావ్ కృషి ఉంది, అది కాదనను. కానీ ముఖ్యమంత్రుల్ని ఇచ్చామని చెప్పుకునే ఊరు, వాళ్ళిద్దరి తర్వాత 500 పడకల ఆసుపత్రిలో రెట్టింపు రోగులతో ఎందుకు మిగిలింది? ఊరివాడు పీఠమెక్కితే ఊరు ఎదిగినట్టేనని మనం సరిపెట్టుకున్నాం కాబట్టి, ఎదగకపోయినా అడగలేదు. 2009లో రెవెన్యూ కమిషనర్ కార్యాలయం నాందేడ్‌కు ఇస్తామంటే లాతూర్ భగ్గుమంది. మాకు రావాలంటే మాకు రావాలని రెండు ఊళ్ళూ పట్టుపట్టాయి. ఇన్నేళ్ళయినా అది తేలలేదు. అంత పట్టుదల ఏనాడైనా పసిపిల్లల వార్డు కోసం చూపించామా?

కోచింగ్ సెంటర్ల వీధుల్లో హోర్డింగులు చూడండి. ఒక్కో దాని మీద వందకు తక్కువ కాకుండా ముఖాలు, ఒక్కో ముఖం కింద నీట్ మార్కులు, కొన్నిటి కింద ఎంబీబీఎస్ సీటు వచ్చిన కాలేజీ పేరు. అన్నీ తపాలా బిళ్ళంత బొమ్మలు. ఏటా జూన్ దాటగానే పాతవి తీసి కొత్తవి వేస్తారు. మొత్తం ఎంతమంది చేరారన్న అంకె ఏ హోర్డింగు మీదా ఉండదు. పర్భణీ, హింగోలి, ఆదిలాబాద్ వైపు పల్లెల నుంచి అప్పు చేసి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు చూసేది ఆ ముఖాల్నే. సీటు రాని పిల్ల రెండో ఏడూ, మూడో ఏడూ అద్దె గదిలో గడుపుతుంది. ‘నాందేడ్ అంటే చదువుల ఊరు’ అనేవాళ్ళ లెక్కలో ఆ పిల్ల లేదు. ఊరికి ఆదాయం తెచ్చిపెడుతున్నది ఎక్కువగా అలాంటి పిల్లలే.

ఇంత రాశాక అవతలివాళ్ళ బాధ కూడా చెప్పాలి, అది బూటకం కాదు. మరాఠ్వాడా అంటే కరువు, వెనకబాటు అని ముంబయి, పుణేల్లో చిన్నచూపు ఉంది. మన యాసను చూసి నవ్వుతారు. హైదరాబాద్ పోతే మన తెలుగును చూసి నవ్వుతారు. రెండు చోట్లా పరాయివాళ్ళమయ్యాక ఊరిని వెనకేసుకు రావాలనిపించడం సహజం, నాకూ అనిపిస్తుంది. అయితే చిన్నచూపుకు జవాబు గొప్పలు చెప్పడం కాదు. మరాఠ్వాడాకు జరిగిన అన్యాయాన్ని నిరూపించాలంటే లోటు ఎంతో లెక్కగట్టి చూపించాలి. 1984లో దాండేకర్ కమిటీ చేసింది అదే, ఏ ప్రాంతం ఏ రంగంలో ఎంత వెనకబడిందో రాసిచ్చింది. ఆ లోటు లెక్కల బలం మీదే ప్రాంతీయ అభివృద్ధి మండళ్ళు వచ్చాయి. మరాఠ్వాడా మండలి గడువు 2020 ఏప్రిల్‌లో ముగిసిపోయింది. మాకు ఏ లోటూ లేదని ఇంటా బయటా చాటే ఊరికి వాటా అడిగే నోరు ఎక్కడుంటుంది?

మన విశ్వవిద్యాలయానికి స్వామి రామానంద తీర్థ పేరు పెట్టుకున్నాం. ఆయన నిజాం రాజ్యంలో ఏది బాగాలేదో బహిరంగంగా చెప్పి జైలుకు పోయిన మనిషి. ఆ రోజుల్లోనూ రాజ్యం చల్లగా ఉంది, ఉస్మానియా ఉంది, రైళ్ళున్నాయి, ఇంకేం కావాలి అన్నవాళ్ళున్నారు. నమ్మకస్తులనే పేరు వాళ్ళకే దక్కింది. 1948 సెప్టెంబరు 17న ఈ ప్రాంతం విముక్తమైంది వాళ్ళ పొగడ్తల వల్ల కాదు. ఏటా ఆ తేదీన జెండా ఎగరేసి, మిగతా రోజుల్లో ఊరి లోపం చెప్పినవాణ్ణి వేరు చేయడం ఆయన పేరుకు తగదు.

ఇంకో సంగతి ఊరిని పొగిడేవాళ్ళలో ఒక్కరి నోటా రాలేదు. 2017 అక్టోబరులో ఎన్నికైన నాందేడ్-వాఘాలా కార్పొరేషన్ పాలకవర్గం గడువు 2022లో ముగిసింది. ఆ తర్వాత మూడేళ్ళకు పైగా ఊరికి ఎన్నికైన కార్పొరేటర్ ఒక్కరూ లేరు, అధికారి పాలనే నడిచింది. కుళాయి రాకపోతే, నాలా పొంగితే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియని మూడేళ్ళు అవి. పసిపిల్లలు చనిపోయింది కూడా ఆ కాలంలోనే. ఊరి పరువు పోయిందని బాధపడాల్సింది అప్పుడు.

నాందేడ్ పేరు నిలబెట్టాలనుకునే పెద్దలు అడగాల్సినవి ఇవి. గోదావరి నీళ్ళను ఊరికి పైనా, ఊరికి కిందా ప్రతి నెలా పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని ఘాట్ల దగ్గర మరాఠీ, తెలుగు, పంజాబీ, ఉర్దూల్లో పెద్ద అక్షరాలతో రాయించాలి. దాని నకలు బాసర దేవస్థానానికీ పంపాలి, పుష్కరాలు వచ్చేలోపే. విష్ణుపురి ఆసుపత్రి గేటు దగ్గర ఆ రోజు ఎన్ని పడకలున్నాయి, ఎంతమంది రోగులున్నారు, పసిపిల్లల వార్డులో రాత్రి డ్యూటీలో నర్సులెందరు అన్నది బోర్డు మీద ఉండాలి. కోచింగ్ హోర్డింగుల మీద ముఖాల పక్కన మొత్తం చేరినవాళ్ళ సంఖ్య వేయాలని కార్పొరేషన్ అనుమతిలోనే షరతు పెట్టాలి. సంఘం సమావేశాల్లో శాలువాలు కప్పుకునే మన తెలుగు పెద్దలు వచ్చేసారి కార్పొరేటర్‌ను వేదిక మీదికి పిలిచినప్పుడు, దండ వేసే ముందు ఈ మూడూ అడగండి.